వాషింగ్ మెషిన్ మూత స్విచ్: డైరెక్ట్ చేసేయాలా, సరైనది వెతికి వేయించాలా?

రాజవీధి (పర్లాకిమిడి):
గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి వాడుక భాషలోనే నా గోడు చెప్పుకుంటాను. మాది ఏడేళ్ల నాటి టాప్ లోడ్ మెషిన్, ఫుల్ ఆటోమేటిక్. ఉతుకుతుంది, నీళ్లు వదిలేస్తుంది. స్పిన్ దగ్గరికి వచ్చేసరికి మూత వేసే ఉన్నా కుయ్యోమని ఆగిపోతుంది. "మూత స్విచ్ పోయిందమ్మా, ఆ పార్టు ఇక్కడ దొరకదు. రెండు వైర్లూ కలిపి డైరెక్ట్ చేసేస్తా, రెండొందలివ్వండి" అన్నాడు మెకానిక్. మా ఆయన సరే అనేశారు. నాకే మనసొప్పడం లేదు, ఇంట్లో నాలుగేళ్ల పిల్లాడు ఉన్నాడు. బరంపురమో శ్రీకాకుళమో వెళ్లి కొత్తది తెచ్చుకోమంటారా?

గుణుపురం బావ:
చేయించేయండి వదినగారూ. మాది మూడేళ్లుగా డైరెక్టే, ఏమీ కాలేదు. దుప్పట్లు వేసిన రోజు మాత్రం దడదడలాడుతూ బాత్రూమ్ గుమ్మం దాకా నడిచొస్తుంది, అంతే. వంద రూపాయల ముక్క కోసం ఊళ్లు తిరుగుతారా ఎవరైనా?

జయపురం వర్క్‌షాప్:
బావగారూ, ఆ నడకే అసలు సంగతి. చాలా మెషిన్లలో మూత స్విచ్‌కి ఒక పొడుగాటి కడ్డీ కిందికి దిగి ఉంటుంది. మూత వేశారా లేదా చూడటం దాని పనిలో సగమే. దుప్పటి ఒక పక్కకి చేరి టబ్ ఊగితే, టబ్ వచ్చి ఆ కడ్డీకి తగులుతుంది, స్పిన్ ఆగుతుంది. మీరు వైర్లు కలిపేశారు కాబట్టి ఆపే దిక్కు లేక నడిచొస్తోంది. స్పిన్‌లో టబ్ నిమిషానికి 700 చుట్లు దాకా తిరుగుతుంది. పిల్లలున్న ఇంట్లో మూత తెరిచినా ఆగని మెషిన్‌కి నేనైతే చెయ్యి పెట్టను.

గుణుపురం బావ:
పార్టులు అమ్ముకునే వాళ్లు ఇంకెలా చెప్తారు లెండి!

జయపురం వర్క్‌షాప్:
డైరెక్ట్ చేస్తే ఐదు నిమిషాల పని. స్విచ్ వెతకాలంటే నాకు రెండు రోజుల ఫోన్లు. లాభం ఎందులో ఉందో మీరే లెక్కేసుకోండి.

బరంపురం పాతబస్తీ:
నాదీ ఒక అనుభవం. ఆన్‌లైన్‌లో 'యూనివర్సల్ లిడ్ స్విచ్' అని కనబడితే తెప్పించాను. తీరా చూస్తే అమెరికా మెషిన్లది, మా మెషిన్లో పెట్టడానికి చోటే లేదు. తిరిగి పంపడానికి పెట్టిన కొరియర్ ఖర్చులో ఇక్కడి స్విచ్ వచ్చేసేది.

రాజవీధి:
మరి సరైనది ఏదో తెలిసేదెలా? మా ఊళ్లో కొట్టువాడు మెషిన్ ఎన్ని కిలోలది అని అడుగుతున్నాడు.

జయపురం వర్క్‌షాప్:
కిలోలతో ఏం తెలుస్తుందమ్మా! ఒకే కంపెనీ, ఒకే కిలోలు, కానీ ఏడాది మారితే స్విచ్ మారిపోతుంది. మెషిన్ వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబరు చివరి అక్షరం దాకా రాసుకోండి. ప్లగ్ తీసేసి, పై ప్యానెల్ విప్పించి పాత స్విచ్ చూడండి. కడ్డీ ఉంటే దాని పొడవు కూడా కలవాలి. రెండే వైర్లు ఉండి, కదిలే ముక్క ఏదీ లేకపోతే అది అయస్కాంతంతో పనిచేసే రీడ్ స్విచ్. మూడు, అంతకంటే ఎక్కువ వైర్లుంటే లాక్ ఉన్న రకం. అందులో మూత మూసుకుందా, లాక్ పడిందా అని మెషిన్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు విడివిడిగా చూస్తుంది కాబట్టి డైరెక్ట్ చేసినా చాలాసార్లు ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. సాకెట్ ఆకారం కూడా ఫోటో తీసుకోండి.

ఇంకో మాట. రీడ్ స్విచ్ అయితే కొనే ముందు దాని రెండు వైర్లకీ మల్టీమీటర్ (లోపల వైర్లు కలిస్తే బీప్ కొట్టే మీటరు) పెట్టి, పాత స్పీకర్ అయస్కాంతం దగ్గరికి తెచ్చి చూడండి. బీప్ వచ్చి, అయస్కాంతం తీస్తే ఆగిపోతే స్విచ్ బాగున్నట్టే. అప్పుడు మూతలో ఉండాల్సిన అయస్కాంతం ఉందో లేదో వెతకండి.

రాజవీధి:
నిన్న విప్పించాం. రెండే వైర్లు. మీరన్నట్టే బీప్ వచ్చింది! మూత అంచు కింద చిన్న గడి పగిలిపోయి ఖాళీగా ఉంది. ఇల్లంతా వెతికితే నల్లటి బిళ్ల ఒకటి మెషిన్ కిందున్న ఇనుప స్టాండుకి, వెనక కాలి దగ్గర, దుమ్ములో అతుక్కుని దొరికింది. ఎమ్-సీల్ పెట్టి అతికించాం. ఒక రాత్రి ఆరనిచ్చి పొద్దున్న వేస్తే స్పిన్ తిరిగింది, మూత తీస్తే ఆగింది. మెకానిక్‌కి చూపిస్తే నవ్వేసి టీ తాగి వెళ్లాడు.

గుణుపురం బావ:
స్విచ్ బాగుంది కాబట్టి సరిపోయింది. పోయి ఉంటే మీరూ డైరెక్టే చేయించేవారు, నా మాట మీద నేనున్నాను. అయితే ఆ దుప్పట్ల సంగతి... మా స్టిక్కర్ మీద మోడల్ నంబరు సగం చెరిగిపోయింది. దాంతో దొరుకుతుందా?

జయపురం వర్క్‌షాప్:
పాత స్విచ్ ఉంది కదా, దాని మీద అచ్చు వేసిన నంబరు చూసి చెప్పండి.

గుణుపురం బావ:
అది మెకానిక్ పట్టుకెళ్లిపోయాడు.