మంగంపేట ముగ్గురాయి చమురు బావుల్లో ఉక్కును తినే బ్యాక్టీరియాకు మేత అవుతుందా?

కడప విద్యార్థి:
అందరికీ నమస్కారం. నేను కడపలో భూగర్భశాస్త్రం పీజీ చదువుతున్నాను. మంగంపేట ముగ్గురాయిని పొడి చేసి, చమురు బావులు తవ్వేటప్పుడు లోపలికి పంపే బురదకు, అంటే డ్రిల్లింగ్ మడ్‌కు బరువు పెంచేందుకు వాడతారని మన వైపు చాలామందికి తెలుసు. రసాయనికంగా అది బేరియం సల్ఫేట్. ఆక్సిజన్ అందని చోట సల్ఫేట్‌తో శ్వాస సాగించే బ్యాక్టీరియా బావి గొట్టాలను తొలిచేస్తాయని పాఠంలో చదివాను. ఆ లెక్కన మన రాయే వాటిని పోషిస్తోందా? తెలిసిన పెద్దలు వివరించగలరు.

అనంతపురం మడ్ ఇంజనీరు, విశ్రాంత:
మంచి ప్రశ్న అడిగావు బాబూ, కానీ నేరాన్ని రాయి మీద మోపలేము. ఈ జీవులకు నీటిలో కరిగిన సల్ఫేట్ కావాలి. ముగ్గురాయి మంచినీటిలో లీటరుకు రెండున్నర మిల్లీగ్రాములకు మించి కరగదు, ఉప్పునీటిలో కొంచెం ఎక్కువ; సముద్రపు నీటిలోనైతే లీటరుకు సుమారు 2,700 మిల్లీగ్రాముల సల్ఫేట్ ఉంటుంది. చమురు పొరలో పీడనం నిలపడానికి ఆ నీటినే లోపలికి ఎక్కించినప్పుడు అసలైన మేత దొరుకుతుంది. మడ్‌లో నేను అనుమానించేది రాయిని కాదు, చిక్కదనం కోసం కలిపే స్టార్చ్‌ను, శాంథన్ గమ్ అనే జిగురును. పని జరుగుతున్నంత కాలం మడ్‌ను క్షారంగా ఉంచుతాము కనుక భయం తక్కువే. కేసింగ్ (బావి గోడకు ఆనుకుని దించే ఉక్కు గొట్టం) వెనుక నెలల తరబడి కదలకుండా నిలిచిన మడ్‌లో ఆ పదార్థాలు పులిసి ఆమ్లాలుగా మారితే, వాటిని తిని ఇవి పెరుగుతాయి.

ఉక్కు మీద జిగట పొర కట్టి, దాని కింద ఇవి హైడ్రోజన్ సల్ఫైడ్‌ను విడుదల చేస్తాయి. అది ఇనుముతో కలిసి నల్లని ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. గొట్టం అంతటా ఒకేలా అరగదు, అక్కడక్కడ గుంటలు పడతాయి. మిగతా గోడ కొత్తదానిలా ఉండగానే ఒక గుంట గోడ అవతలి దాకా చిల్లు పడుతుంది. ఉక్కు మీది హైడ్రోజన్‌ను ఇవి లాగేసుకోవడమే కారణమని 1934లో ఇద్దరు డచ్ శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. వీటిలో కొన్ని రకాలు ఇనుము నుంచి ఎలక్ట్రాన్లను నేరుగా గుంజుకోగలవని 2004లో వెలువడిన పరిశోధన సూచించింది. నాకు ఈ రెండో వివరణే బలంగా తోస్తుంది.

కర్నూలు బోరు మెకానిక్:
సార్, మా వైపు బోర్లలో కాలమ్ పైపులు పైకి తీస్తే కొన్నిటికి ఎర్రటి జిగురు, దాని అడుగున నల్లటి మడ్డి, కుళ్లిన గుడ్ల వాసన ఉంటాయి. ఇదీ అదేనా?

అనంతపురం మడ్ ఇంజనీరు, విశ్రాంత:
అయి ఉండవచ్చు. ఎర్రటిది గాలి తగిలే చోట పెరిగే ఇనుప బ్యాక్టీరియాది కావచ్చు. దాని కింద ఆక్సిజన్ అడుగంటిన చోట, నల్ల మడ్డి పుట్టించే సల్ఫేట్ బ్యాక్టీరియా చేరతాయి. నల్ల మడ్డి మీద ఆరుబయట, వాసన మీ మీదికి రాకుండా గాలి వచ్చే వైపు నిలబడి, ఒక చుక్క హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే వాసన ఘాటెక్కుతుంది. అది సల్ఫైడ్ ఉందని మాత్రమే చెబుతుంది, బ్యాక్టీరియా ఉన్నాయని కాదు. వాటిని తేల్చడానికి గాలి చొరబడని చిన్న సీసాల్లో పోషక ద్రావణం, ఒక ఇనుప మేకు ఉంచి, సిరంజితో నీటిని ఎక్కిస్తారు. బ్యాక్టీరియా ఉంటే సీసా నల్లబడుతుంది. ఫలితం తేల్చడానికి 28 రోజుల దాకా ఆగుతారు. బ్లీచింగ్ పౌడర్ వేసే ముందు పైపును బ్రష్‌తో గట్టిగా రుద్దించండి, లేకపోతే మందు జిగురు పైనే ఆగిపోతుంది.

కడప విద్యార్థి:
ధన్యవాదాలు సార్. అయితే చమురు పొరలోని నీటిలో బేరియం ఉండి, పైనుంచి సముద్రపు సల్ఫేట్ కలిస్తే గొట్టంలోనే ముగ్గురాయి పుట్టాలి కదా?

అనంతపురం మడ్ ఇంజనీరు, విశ్రాంత:
పుడుతుంది బాబూ. గొట్టం లోపల రాయిలా గట్టిపడే ఆ పెచ్చు మామూలు ఆమ్లాలకు కరగదు. దాని చాటున చేరిన బ్యాక్టీరియాకు వాటిని చంపే మందు అందదు. అందుకే కొన్ని సముద్ర క్షేత్రాల్లో నీటిని ఎక్కించే ముందే మెంబ్రేన్ అనే పలుచని వడపోత పొరల గుండా పంపి సల్ఫేట్‌ను తీసివేస్తారు.