ఒకే పెరాక్సైడ్‌కు మాక్రోఫేజ్ ఒకలా, టి కణం ఇంకోలా ఎందుకు?

ప్రశ్న: నమస్తే అండీ. ఒకే రక్తం నుంచి తీసిన మాక్రోఫేజ్‌లకూ (క్రిములను మింగే రోగనిరోధక కణాలు) టి కణాలకూ 100 మైక్రోమోలార్ హైడ్రోజన్ పెరాక్సైడ్ ఇచ్చాను. ఎల్‌పీఎస్ (కణాలను రెచ్చగొట్టే బాక్టీరియా పదార్థం) పెట్టిన మాక్రోఫేజ్‌లలో ఐఎల్-1 బీటా అనే వాపు సంకేత ప్రోటీన్ పెరిగింది. టి కణాల్లో మాత్రం వాటిని మేల్కొలిపే సీడీ3, సీడీ28 యాంటీబాడీలు ఇచ్చినా ఐఎల్-2 (టి కణాలు పెరగడానికి విడుదల చేసే ప్రోటీన్) రావడం లేదు. రెండుసార్లు చేశాను, అదే తీరు. ఆక్సిడేటివ్ స్ట్రెస్ సంకేతాలను పెంచుతుందని చదివానే! ఎక్కడ పొరపాటు జరిగింది?

జవాబు: చదివింది తప్పు కాదండీ, కానీ అది కొద్ది మోతాదు సంగతి. రిసెప్టర్ కదలగానే టి కణపు మైటోకాండ్రియా తనంతట తానే కాస్త రియాక్టివ్ ఆక్సిజన్ (పెరాక్సైడ్ లాంటి చురుకైన అణువులు) పుట్టిస్తుంది. అది లేకపోతే ఐఎల్-2 జన్యువును నడిపే ఎన్‌ఫాట్ ప్రోటీన్ సరిగా మేలుకోదు, ఐఎల్-2 రాదు. పెరాక్సైడ్ టైరోసిన్ ఫాస్ఫటేజ్‌లలోని సిస్టీన్‌ను ఆక్సీకరిస్తుంది. ఫాస్ఫేట్లను తీసేసే ఆ ఎంజైమ్‌లు కాసేపు ఆగడంతో సంకేతం నిలబడుతుంది. బి కణంలోనూ ఇదే కథ. అందుకే పెరాక్సైడ్‌ను విషం అనడం నాకు నచ్చదు.

మోతాదు మించి చాలాసేపు ఉంటే కణాన్ని ఆక్సీకరణ నుంచి కాపాడే గ్లూటాథయోన్ ఖర్చైపోతుంది. ఇలాగే రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగుల కీళ్ల ద్రవంలోని టి కణాల్లో, రిసెప్టర్ కబురును లోపలికి మోసే లాట్ ప్రోటీన్ కణపు పొరను వదిలేస్తుంది, రిసెప్టర్ ఎంత తట్టినా కబురు లోపలికి పోదు. ఎన్‌కే కణాల్లో (సోకిన కణాలను చంపేవి) సీడీ56 అనే ఉపరితల ప్రోటీన్ తక్కువున్నవి ముందే దెబ్బతింటాయి. రోగనిరోధక స్పందనను అదుపుచేసే రెగ్యులేటరీ టి కణాలు మామూలు టి కణాలకంటే ఓర్చుకుంటాయి. మాక్రోఫేజ్‌కు పెరాక్సైడ్ కొత్త కాదు, నాక్స్2 అనే ఎంజైమ్‌తో తానే తయారుచేసుకుంటుంది. పైగా ఆక్సీకరణ ఒత్తిడి ఐఎల్-1 బీటాను విడుదల చేయించే ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 ప్రోటీన్‌ను కదిలిస్తుంది, మీకు కనిపించిన ఐఎల్-1 బీటా అక్కడిదే కావచ్చు.

రోగనిరోధక జన్యువులను నడిపే ఎన్‌ఎఫ్ కప్పా బి ప్రోటీన్‌ను కూడా చూస్తుంటే ఒక మాట. కేంద్రకంలోకి చేరిందని ఊరుకోకండి. డీఎన్‌ఏను పట్టుకోవాలంటే దాని పీ50 భాగంలోని 62వ సిస్టీన్ ఆక్సీకరణ చెందకుండా ఉండాలి.

ఇంతకీ రెండింటి మీడియం ఒకటేనా? వెల్‌కు (ప్లేటులోని ఒక్కో గుంటకు) ఎన్ని కణాలు?

ప్రశ్న వేసినవారు: కాదండీ. మాక్రోఫేజ్ మీడియంలో 1 మిల్లీమోలార్ సోడియం పైరువేట్ ఉంది, టి కణాలదాంట్లో లేదు. కణాల సంఖ్య కూడా వేరే.

జవాబు: అదీ అసలు సంగతి! పైరువేట్ పెరాక్సైడ్‌తో నేరుగా చర్య జరిపి దాన్ని తినేస్తుంది. మాక్రోఫేజ్‌లకు మీరనుకున్న 100 అందనే లేదు. కాబట్టి ఆ ఐఎల్-1 బీటాను ఎల్‌పీఎస్ ఒక్కటే ఇచ్చిన వెల్‌తో పోల్చకుండా పెరాక్సైడ్ ఖాతాలో వేయకండి. పైరువేట్, అలాగే పెరాక్సైడ్‌ను తినేసే మెర్‌కాప్టోఇథనాల్ రెండూ లేని ఒకే మీడియంలో, సమాన సంఖ్యలో కణాలతో, పెరాక్సైడ్‌ను 5 నుంచి 100 మైక్రోమోలార్ దాకా మెట్లుమెట్లుగా పెట్టండి. ఒక్కసారిగా పోసేకన్నా గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఎంజైమ్‌తో కొద్దికొద్దిగా పుట్టిస్తే శరీరంలో జరిగేదానికి దగ్గరగా ఉంటుంది. ఆక్సీకరణను చూపే డీసీఎఫ్ రంగు ఒక్కదాన్నీ నమ్మకండి, అది పెరాక్సైడ్‌కే పరిమితం కాదు. ఐఎల్-2 కొలిచే ముందు కణాలు బతికున్నాయో లేదో చూడండి. పెరాక్సైడ్‌ను విడగొట్టే కెటలేజ్ ఎంజైమ్ కలిపిన వెల్ ఒకటి తప్పకుండా ఉంచండి. అందులో ఐఎల్-2 తిరిగి వస్తేనే పెరాక్సైడ్ పనే అని ధైర్యంగా రాయగలరు.