కనిపెట్టుకొని ఉండటం అంటే చేతులు ముడుచుకొని కూర్చోవడమేనా?

పొన్నలూరు కోడలు:

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మాది పొన్నలూరు వైపు పల్లె. పొగాకు వేస్తాం. సొంతానికి మూడెకరాలు, ఇంకొంత కౌలు, ఆకును వేడి మీద ఆరబెట్టే బ్యారన్ ఒకటి. ఈసారి కౌలు పెరిగింది, కూలి పెరిగింది, బ్యారన్‌కి పుల్లల ఖర్చే తడిసిమోపెడైంది. రంగున్న ఆకు ముందే అమ్ముడుపోయింది. మిగిలిందంతా లో గ్రేడు. వేలానికి తీసుకెళ్లిన బేళ్లలో (ఆకు కట్టల్లో) సగానికి పైగా ఎవరూ పాడక నో బిడ్ అయి, పోయిన ట్రాక్టర్‌లోనే తిరిగొచ్చాయి. ఇప్పుడవి మా వసారాలో ఉన్నాయి. మనిషి నడవడానికి మాత్రం సందు వదిలి, గోడ వెంబడి పేర్చాం. పిల్లలు స్కూలు బట్టలు వేసుకున్నా ఆ ఆకు వాసనే వస్తోంది. మబ్బు పడితే చాలు, నేనూ మా అత్తమ్మా పట్టలు పట్టుకొని పరిగెత్తాల్సిందే.

అసలు సంగతి ఇది కాదు. మూడు రూపాయల వడ్డీకి ఇచ్చినాయన పోయిన వారం ఇంటికొచ్చాడు. గట్టిగా ఏం మాట్లాడలేదు. మజ్జిగ తాగి, రోడ్డు పక్కనున్న ఎకరంన్నర రాసిస్తే లెక్క చెల్లు అన్నాడు. ఊళ్లో నడిచే రేటుకి బాగా తక్కువ కడుతున్నాడు. నెలాఖరు లోపల ఏదో ఒకటి చెప్పమన్నాడు. అది మా మామయ్య గేదెలు మేపి, పాలు పోసి, రూపాయి రూపాయి కూడబెట్టి కొన్న చేను. అత్తమ్మ అప్పట్నించీ సరిగా అన్నం తినడం లేదు. మా ఆయన మాత్రం ‘ఇచ్చేద్దాం, ఈ టెన్షన్ వదిలిపోద్ది, హైదరాబాద్ పోయి ఏదో ఒక పని చేసుకుందాం’ అంటున్నాడు. ఆయన రాత్రిళ్లు నిద్రపోవడం మానేశాడు. ఆ మాట ఇక్కడ రాస్తుంటేనే నాకు భయంగా ఉంది.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నేను తీసుకున్న వాగ్దాన కార్డు కీర్తన 27:14. ‘ధైర్యము తెచ్చుకొని నీ హృదయమును నిబ్బరముగా నుంచుకొనుము, యెహోవాకొరకు కనిపెట్టుకొని యుండుము.’ బీరువా తలుపుకి అంటించుకున్నాను. మా చర్చి పాస్టరు అయ్యగారు కూడా ‘కనిపెట్టండమ్మా, దేవుని సమయం వస్తుంది’ అన్నారు. మా చెల్లెలేమో ‘మీరిట్లా కూర్చుంటే ఉన్నది కూడా పోద్ది’ అంటోంది.

నేను అడిగేది ఒకటే. సంతకం పెడితే దేవుణ్ణి నమ్మనట్టా? పెట్టకుండా ఊరికే ఉంటే అది విశ్వాసమా, బద్ధకమా? బైబిలు బాగా తెలిసినవాళ్లు చెప్పండి. ఓదార్పు మాటలు వద్దు, అవి చాలా విన్నాను.

దీవెన, కావలి:

సిస్టర్, మీ పోస్టు చదివి కన్నీళ్లొచ్చాయి. సామెతలు 3:5 చూడండి. ‘నీ స్వబుద్ధిని ఆధారము చేసికొనక నీ పూర్ణహృదయముతో యెహోవాయందు నమ్మకముంచుము.’ మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టుకోండి. ఎవరి గడపా తొక్కొద్దు, ఎవర్నీ అడగొద్దు, దేవుడే పని జరిగిస్తాడు. మేమూ ప్రార్థిస్తాం.

ఒంగోలు టీచరమ్మ:

అమ్మాయీ, ఓదార్పు వద్దన్నావు కాబట్టి సూటిగానే రాస్తాను. ముప్పై ఏళ్లకు పైగా సండే స్కూల్లో చెప్పినదాన్ని. ఈ ‘కనిపెట్టడం’ అనే మాట జనాన్ని నిలబెట్టడం చూశాను, ఏ పనీ చెయ్యనివ్వకుండా మూల కూర్చోబెట్టడమూ చూశాను.

ముందు దీవెన చెప్పిన దానికి చిన్న సవరణ. ఉపవాసం ఉండు, తప్పకుండా ఉండు. కానీ ఎవర్నీ అడగొద్దని బైబిలు చెప్పదు. యోసేపు చెరసాలలో ఉండి పానదాయకుల అధిపతిని అడిగాడు కదా, నన్ను జ్ఞాపకం చేసుకొని ఫరో రాజుతో నా సంగతి చెప్పమని. అతను మరిచిపోయాడు. యోసేపు ఇంకా రెండేళ్లు లోపలే ఉన్నాడు. అడిగినందుకు దేవుడు అతన్ని తప్పుపట్టినట్టు ఆ వచనాల్లో ఒక్క ముక్క లేదు. లూకా 18లో విధవరాలైతే న్యాయాధిపతిని వదలకుండా తిరిగి తిరిగి విసిగించింది. యేసు ప్రభువు ప్రార్థన గురించి చెప్పడానికి ఎంచుకున్న మనిషి ఆమె.

మరి తొందరపాటు అంటే ఏంటి? మొదటి సమూయేలు 13 తీసి ఈ రాత్రికి మీ ఆయనతో కలిసి చదువు. తాను వచ్చేదాకా ఆగమని ప్రవక్త సమూయేలు చెప్పిన ఏడు రోజులూ రాజు సౌలు ఆగాడు. ఎదురుగా ఫిలిష్తీయులు ఇసుక రేణువుల్లాగా దిగి ఉన్నారు, తన వెనకున్న జనం చెదిరిపోతున్నారు. ఇక ఆగలేక, సమూయేలు చెయ్యాల్సిన పని తాను చేశాడు, దహనబలి అర్పించాడు. అది ముగియగానే సమూయేలు వచ్చాడు. ఆ అధ్యాయంలో సౌలు మీద నాకు జాలి కలుగుతుంది, దాచను. ఏడు రోజులు ఆగినవాడే. కానీ నిర్ణయం చేసింది అతను కాదు, అతని భయం చేసింది. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది అదే అని నా అనుమానం. నెలాఖరు అనే గడువు దేవుడు పెట్టాడా? అప్పిచ్చినాయన పెట్టుకున్నాడు. ఆ తేదీకి భయపడి సంతకం పెట్టొద్దు. పొలం అమ్మడం పాపమని నేననను. రేపు లెక్క చూసుకొని, నలుగురినీ అడిగి, సరైన రేటుకి అమ్మాల్సి వస్తే అమ్మండి, దాంతో మీ విశ్వాసం ఏమీ పోదు.

పొలం సంగతి వచ్చింది కాబట్టి యిర్మీయా 32 కూడా చెప్పాలి. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం ముట్టడి వేసి ఉంది. ప్రవక్త యిర్మీయా చెరసాల ఆవరణలో బందీ. అప్పుడు దేవుడు అతన్ని అనాతోతులో పినతండ్రి కొడుకు పొలం కొనమన్నాడు. శత్రువు చేతికి పోబోతున్న ఊళ్లో పొలం! అతను 17 తులాల వెండి తూచి ఇచ్చాడు, పత్రం రాసి ముద్ర వేశాడు, సాక్షుల్ని పెట్టాడు, చాలా కాలం నిలవాలని ఆ పత్రాల్ని మట్టి కుండలో పెట్టించాడు. అంతా పద్ధతిగా చేశాక, అప్పుడు ప్రార్థనలో దేవుణ్ణే అడిగాడు, పట్టణం కల్దీయుల (అంటే బబులోనువాళ్ల) చేతికి పోతుంటే నన్ను పొలం కొనమన్నావేంటి అని. నాకు ఈ అధ్యాయం ప్రాణం. చెప్పిన పని చేశాడు, సందేహం వచ్చింది, దాన్నీ దేవుని ముందే పెట్టాడు. తర్వాత అతన్ని ఐగుప్తుకు (ఈజిప్టుకు) తీసుకుపోయారు. ఆ పొలంలో అతను పంట కోసిన మాట బైబిల్లో ఎక్కడా కనపడదు.

మన జిల్లా సంగతే తీసుకో. నువ్వు వాగ్దాన కార్డు తీసుకున్నావే, అలాంటి కొత్త సంవత్సరం ఉదయమే, 1854 జనవరి 1న, నెల్లూరులోని అమెరికన్ బాప్టిస్టు మిషన్ నుంచి జ్యూయెట్ దొర, ఆయన భార్య, మన తెలుగువాళ్లు ముగ్గురు ఒంగోలు కొండెక్కి ఈ ప్రాంతానికి ఒక బోధకుణ్ణి పంపమని ప్రార్థించారు. అంతకు ముందు ఏడాదే అమెరికాలో ఈ తెలుగు మిషన్ మూసేద్దామా అని చర్చ జరిగింది. వాళ్లు అడిగిన ఆ బోధకుడు, క్లౌ దొర, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్లు! ఈ కథ ఇక్కడిదాకా అందరూ చెప్తారు. నాకు అసలు పాఠం ఆ తర్వాత ఉంది.

1876లో పెద్ద కరువొచ్చింది. ధాత కరువు అని మా నాయనమ్మ వాళ్ల పెద్దలు చెప్పుకునేవాళ్లట. జనం ఆకలితో వచ్చి క్లౌ ముందు నిలబడ్డారు. ‘దేవుని సమయం వస్తుంది, కనిపెట్టండి’ అని చెప్పి పంపలేదు ఆయన. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల ముక్క కాంట్రాక్టుకు తీసుకున్నాడు. తన దగ్గరి బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టి, వచ్చినవాళ్లకు పార ఇచ్చాడు, కూలి ఇచ్చాడు. ఇది ఒక వైపు. రెండో వైపు చూడు. ఆ జనంలో చాలామంది బాప్తిస్మం అడిగారు. కూటి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని ఆయన కరువు సాయం సాగినన్నాళ్లూ, ఏడాదికి పైగా, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకుండా ఆగాడు. సాయం ఆగిపోయాకే మొదలుపెట్టాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆకలి విషయంలో ఒక్క పూట ఆగలేదు, తాను తొందరపడి లాక్కోకూడని విషయంలో ఏడాది దాటినా ఆగాడు. రెండూ చేసింది ఒకే మనిషి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో నేను ఆయన్ని చూసి నేర్చుకున్నాను.

నీ విషయంలో ఆగకూడనివి ఉన్నాయి. మీ ఆయన నిద్రపోవడం లేదన్నావు, నీకు భయంగా ఉందన్నావు. అది ఈ రోజు చూడాల్సిన పని. ఆయన్ని ఒంటరిగా వదలకు, పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచకు, రేపే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. అయ్యగారికి, ఆయన స్నేహితుల్లో ఒకరికి ఈ మాట దాచకుండా చెప్పు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కీర్తన 13లో దావీదు అంతటివాడు ‘ఎన్నాళ్లవరకు, ఎంతవరకు’ అని మళ్లీ మళ్లీ దేవుణ్ణి నిలదీశాడు. మీ ఆయన్ని కూడా ఆ కీర్తన గట్టిగా చదవమను.

ఇంకొక మాట, ఇది నా ఇంటిది. మా తమ్ముడు కుర్రవాడిగా ఉన్నప్పుడే ఇల్లు వదిలి వెళ్లాడు. మా అమ్మ స్టేషన్‌లో కంప్లైంట్ ఇచ్చింది, పేపర్లో ఫోటో వేయించింది, తెలిసినవాళ్లు బెజవాడ వెళ్తున్నా మద్రాసు వెళ్తున్నా చేతికి ఫోటో ఇచ్చి పంపింది, తెల్లవారుజామున మోకాళ్ల మీద ఉండేది. తను పోయేనాటికి కూడా వాడు రాలేదు. అమ్మది వృథా విశ్వాసమని ఎవరన్నా అంటే నేను ఊరుకోను. హెబ్రీయులకు 11 చివర చదువు, విశ్వాసం వల్ల సాక్ష్యం పొందినవాళ్లే వాగ్దాన ఫలం అనుభవించకుండా పోయారని ఉంది. కాబట్టి సంతకం పెట్టకపోతే చేను నిలబడుతుందని నీకు మాటివ్వలేను. చేను ఉన్నా పోయినా దేవుడు మీ పక్కనే ఉంటాడు. అది మాత్రం నమ్మకంగా చెప్తాను.

కలిగిరి రైతు:

అమ్మా, నేను మీ చర్చి మనిషిని కాదు, నాకు బైబిలు తెలియదు. పొగాకు తెలుసు. టీచరుగారు చెప్పిన గడువు మాట మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం. రైతు చేనంతా ఇట్లా నెలాఖర్లలోనే పోతుంది.

నో బిడ్ అంటే ఆకు పనికిరాదని కాదు. ఆ బేళ్లు విప్పి చూశారా? తేమ ఎక్కువున్నా, పైన ఒక రకం లోపల ఒక రకం కలిసినా కొనేవాళ్లు దాటేసి పోతారు. విప్పి, ఆకు మళ్లీ ఏరి, గ్రేడు వేరు చేసి కట్టించి మళ్లీ వేలానికి పెట్టొచ్చు. ధర మీరనుకున్నంత రాకపోవచ్చు, కానీ ఎంతోకొంత వస్తే వడ్డీ మొఖాన కొట్టొచ్చు. నేల మీద పేర్చారా? కింద చెక్కలు వేయండి, గోడకు ఆనించొద్దు, చెమ్మ లాగుద్ది.

ఆయనిచ్చిన అప్పుకి ప్రామిసరీ నోటు ఉందా, ఎంత రాసుంది, ఇప్పటిదాకా కట్టిందంతా వెనక చెల్లు రాశారా చూడండి. ఖాళీ కాగితం మీద, ఖాళీ స్టాంపు పేపరు మీద వేలు కూడా పెట్టొద్దు. ‘హామీ కోసమే అగ్రిమెంట్’ అంటే అసలు ఒప్పుకోవద్దు. పాస్‌బుక్ తీసుకొని బ్యాంకుకి పోయి, పంట లోను గడువు పెంచుతారేమో, ఈ వడ్డీ అప్పు తీర్చే దారి ఏమన్నా ఉందేమో మేనేజర్నే అడగండి. కౌంటర్ దగ్గర అడిగి వచ్చేయకండి.

పొన్నలూరు కోడలు:

టీచరమ్మగారూ, రాత్రి మా ఆయనకి మొత్తం చదివి వినిపించాను. సౌలు దగ్గర ఆపమన్నాడు. ఇంకోసారి చదవమన్నాడు. తర్వాత, ‘అమ్మకి చెప్పు, ఈ నెలలో సంతకం లేదని’ అన్నాడు. అత్తమ్మ లేచి అన్నం పెట్టుకుంది. అయ్యగారు పొద్దున్నే వచ్చారు. మా ఆయన్ని బండి మీద ఎక్కించుకొని డాక్టర్ దగ్గరికి ఆయనే తీసుకుపోయారు. పురుగుమందులన్నీ మా మరిది వాళ్ల కొట్టంలో పెట్టి తాళం వేశాం.

కలిగిరి అన్నా, నోటు మీద చెల్లు రాయలేదు. కానీ మా ఆయన ఫోన్ పేలో కట్టినవి కొన్ని ఉన్నాయి, అవి పనికొస్తాయా? బేళ్లు రేపట్నించి విప్పుదామనుకుంటున్నాం. కూలోళ్లని పెట్టే పరిస్థితి లేదు, నేనూ అత్తమ్మే.

దీవెన, కావలి:

టీచర్ గారూ, మీ సవరణ తీసుకున్నాను. సిస్టర్, మంగళవారం మా స్త్రీల కూడికలో మీ కోసం ప్రార్థిస్తాం, ఊరు పేరు చెప్పం. మా బాబాయి బ్యాంకులో చేసి రిటైరయ్యాడు, అర్జీ ఎట్లా రాయాలో అడిగి రేపు ఇక్కడే పెడతాను.

కలిగిరి రైతు:

పనికొస్తాయమ్మా. అన్నీ తేదీలతో ప్రింట్ తీసి పెట్టుకోండి, ఆయనతో లెక్కకు కూర్చునేటప్పుడు ఊళ్లో ఇద్దరు పెద్దమనుషుల్ని పక్కన పెట్టుకోండి. బేళ్లు మాత్రం తెల్లవారుజామున విప్పండి. అప్పుడు ఆకు మెత్తగా ఉంటుంది. ఎండెక్కాక ముట్టుకుంటే విరిగి పొడైపోద్ది, ఉన్న గ్రేడు కూడా పడిపోద్ది.