దేశమంతటి లారీ అభిమానుల కలయిక: కాన్వాయ్‌గా వెళ్దామా, ఎవరి దారిన వాళ్లు చేరదామా?

దారిపటం (చర్చ మొదలుపెట్టినవారు)
అందరికీ నమస్కారం. వచ్చే ఏడాది కలయికకి దేశం మధ్యలో ఒక మైదానం చూస్తున్నాం. అక్కడ రెండు రోజులు. చేరడం ఎలా అన్నదే తేలడం లేదు. మొదటి ప్లాన్‌లో నాలుగు చివర్ల నుంచి నాలుగు కాన్వాయ్‌లు బయల్దేరి ఐదు రోజుల్లో మైదానానికి వస్తాయి. రెండో ప్లాన్‌లో ఎవరి వీలు వాళ్లది. బండిని లో-బెడ్ (బండ్లని మోసే ఎత్తు తక్కువ ట్రైలర్) మీద తెచ్చుకున్నా సరే. ఏది కావాలో కారణంతో రాయండి.

కమాన్‌కట్ట
కాన్వాయే. ఇందులో ఆలోచించడానికి ఏముందో నాకు అర్థం కావడం లేదు. 1919లో అమెరికా సైన్యం 81 వాహనాలతో వాషింగ్టన్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో దాకా వెళ్లింది. 62 రోజులు పట్టింది. సగటు వేగం గంటకి పది కిలోమీటర్ల లోపే. మట్టి దార్లు, విరిగిన వంతెనలు, బురదలో దిగబడిన బండ్లు. అయినా లాక్కుంటూ, తోసుకుంటూ వెళ్లారు. ఆ బృందంలో ఉన్న ఐజన్‌హోవర్ తర్వాత అధ్యక్షుడై 1956లో అంతర్రాష్ట్ర హైవేల చట్టం మీద సంతకం పెట్టాడు. కలిసి రోడ్డెక్కితే బండి సంగతీ తెలుస్తుంది, దారి సంగతీ తెలుస్తుంది. లో-బెడ్ మీద నుంచి దించిన బండిని మన వరసలో నిలబెట్టకూడదు.

గ్రీజుగన్
నా ఓటూ కాన్వాయ్‌కే. దారిలో బండి మొరాయిస్తే చెయ్యి వేయడానికి మనవాళ్లుంటారు.

ఎయిర్‌ప్రెషర్
కాన్వాయ్ ఎంత పొడవుంటుందో ఎవరైనా లెక్కేశారా? గంటకి 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. ముందు బండికి ఐదు సెకన్ల దూరం ఉంచితే 80 మీటర్ల పైమాటే. బండ్ల పొడవు కూడా కలిపితే ఇరవై బండ్ల వరస రెండు కిలోమీటర్లకి దగ్గర. వెనక వచ్చే కారు ఎక్కడని ఓవర్‌టేక్ చేస్తుంది? మధ్యలో దూరుతుంది, మనం బ్రేక్ కొడతాం. మొదటి బండి కాస్త నెమ్మదిస్తే చివరి బండి దాదాపు ఆగిపోతుంది. మళ్లీ అందుకోవాలంటే వాడు 80లో తోలాలి. డీజిల్ దగ్గర కూడా ఇదే తంటా. బండికి పది నిమిషాలనుకుంటే, రెండు పంపులున్న బంకులో ఇరవై బండ్లకి గంటా నలభై నిమిషాలు పోతాయి. వెళ్తే నాలుగైదు బండ్ల చొప్పున, అరగంట తేడాతో వదలాలి.

కమాన్‌కట్ట
ఐదు సెకన్లు ఎందుకండీ? నాలుగు చాలు. వరస కిలోమీటరున్నరకి వచ్చేస్తుంది.

ఎయిర్‌ప్రెషర్
చాలవు. లోడు లేని పాత బండికి గట్టిగా బ్రేకు వేస్తే వెనక చక్రాలు జామ్ అయి జారుతుంది. చక్రాలు జామ్ కాకుండా చూసే ఏబీఎస్ వాటికి ఉండదు.

కమాన్‌కట్ట
నా బండి ఎప్పుడూ జారలేదు. నాలుగు చాలు.

స్టెప్నీ
ఆ సెకన్ల గొడవ కాసేపు పక్కన పెట్టండి. టైర్ల గురించి ఎవరూ మాట్లాడరేం? షెడ్డులో ఉండే బండి టైరు మీద గీతలు కొత్తవిలాగే ఉంటాయి. పక్కగోడ మీద వేలితో రాసి చూడండి, సన్నటి పగుళ్లు తగులుతాయి. డాట్ (DOT) అని ఉన్నచోట చివరి నాలుగంకెలు చదవండి. 2316 అని ఉంటే అది 2016లో 23వ వారంలో తయారైన టైరు. అలాంటివి ముందు చక్రాలకి ఉంచుకుని ఐదు రోజులు ఎండలో పరిగెత్తిస్తారా?

రాత్రిహైవే
నేను రెండో ప్లాన్ వైపు. లో-బెడ్ వద్దంటున్నవాళ్లు ఘాట్ దిగడం గురించి ఆలోచించాలి. చాలా పాత బండ్లకి కాలు బ్రేకు తొక్కకుండానే వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు లేదు, రిటార్డర్ లేదు. దిగుడులో కాలు బ్రేకు మీదే ఉంచితే డ్రమ్ము వేడెక్కి సాగుతుంది, లైనర్లు పట్టు వదిలేస్తాయి. ఎంత తొక్కినా బండి ఆగదు. క్లెస్సీ కమిన్స్ లాంటి ఇంజిన్ల మనిషికే 1931లో కాలిఫోర్నియాలోని కహోన్ కనుమ దిగుతుంటే బ్రేకులు పోయాయి. కింద పట్టాల మీద పోతున్న రైలుకి గుద్దుకోబోయి బయటపడ్డాడు. ఇంజిన్‌తోనే బండి వేగం తగ్గించే కంప్రెషన్ బ్రేకు ఆయన చేసిందే. జేకబ్స్ కంపెనీ దాన్ని 1961లో మార్కెట్లోకి తెచ్చింది. అలాంటిది, ఏడాదికోసారి షెడ్డు దాటే బండినీ, గేరు మార్చేటప్పుడు రెండుసార్లు తొక్కే డబుల్ క్లచ్ సరిగా పడని మనిషినీ ఐదు రోజుల దారిలోకి పంపుతామా?

కమాన్‌కట్ట
దిగుడు మొదలవక ముందే గేరు తగ్గించుకోవడం తెలిసినవాడికి ఏ ఘాటైనా ఒకటే. భయపడేవాళ్లు ఇంట్లో కూర్చోవచ్చు.

రాత్రిహైవే
ఇంట్లో కూర్చోమంటున్నారా? నేను ఇంట్లో ఉండే రోజులే తక్కువ. లారీ నాకు ఇష్టమే, కానీ కూడు పెట్టేది కూడా అదే. వెళ్లడానికి ఐదు రోజులు, అక్కడ రెండు, తిరిగి రావడానికి ఐదు. పన్నెండు రోజులు లోడు ఎత్తకపోతే ఓనరు తాళాలు ఇంకొకరి చేతిలో పెడతాడు. రెండో ప్లాన్ అయితే అటువైపు లోడు చూసుకుంటాను, దించేసి ఒక పూట వచ్చి వెళ్తాను.

కిందటిసారి అలాగే వచ్చాను. తొట్టిలో సిమెంటు దుమ్ము, టార్పాలిన్ కూడా మడత పెట్టలేదు. గేటు దగ్గర ఒకాయన బండిని ఎగాదిగా చూసి "డ్యూటీ బండ్లు వెనక్కి" అన్నాడు. తీసుకెళ్లి మరుగుదొడ్ల వెనక పెట్టించారు. ముందు వరసంతా మెరిసే బండ్లే. సాయంత్రం దాకా నా బండి దగ్గరికి ఒక్కరు రాలేదు. రోజూ బరువు లాగే బండి లారీ కాదా? అభిమానుల కలయికంటే ఎవరి కలయిక?

సైడ్‌మిర్రర్
నిజమే అన్నా. ఆ రోజు నా బండి మీ పక్కనే ఉంది.

కమాన్‌కట్ట
మిమ్మల్ని వెనక్కి పంపింది నేను కాదు. ఆ మాట అన్నవాణ్ణి నేనూ సమర్థించను. నా కడుపుమంట వేరే ఉంది, అదీ చెప్తాను. ఆ కలయికలోనే ఉత్తమ బండి బహుమతి ఎవరికిచ్చారు? లో-బెడ్ మీద వచ్చి, వించ్‌తో కిందికి దిగిన బండికి. దాని ఇంజిన్ తిరిగి ఏళ్లయిందని ఓనరే అన్నాడు. అంత దూరం తోలుకుంటూ వచ్చిన నా బండికేమో వెనక హబ్బు కింద ఆయిల్ చుక్క కనిపించిందని మార్కులు కోశారు. వేడికి సీలు కాస్త వదిలింది. తిరిగే బండికి కారుతుంది!

గ్రీజుగన్
అయితే మీ ఇద్దరి బాధా ఒకటే కదా.

రాత్రిహైవే
ఒకటి కాదు. ఆయనకి బహుమతి కావాలి. నాకు చోటు కావాలి.

కమాన్‌కట్ట
బహుమతి అడిగితే తప్పా? ఏళ్ల తరబడి రాత్రుళ్లు కూర్చుని ఒక్కో నట్టూ వెతికి బండిని నిలబెట్టినవాడికి గుర్తింపు ఇవ్వకపోతే ఆ పని ఎవరు చేస్తారు?

క్రోమ్‌బంపర్
లో-బెడ్ మీద తెచ్చేవాళ్లలో నేనొకణ్ణి, నా మాట కూడా వినండి. నా బండి కేబిన్ చెక్కది, దగ్గరుండి మళ్లీ చేయించాను. వీల్ సిలిండర్ల రబ్బర్లు ఏ షాపులోనూ దొరకవు. క్రాంక్ విరిగితే ఇంకొకటి లేదు. నేను తోలడానికి భయపడి లో-బెడ్ ఎక్కించడం లేదు. ఇలాంటి బండి ఒకటే మిగిలి ఉంది కాబట్టి ఎక్కిస్తున్నాను. మైదానంలో స్టార్ట్ చేసి నాలుగు చుట్లు తిప్పుతాను. అది చాలదంటే నేను రాను.

కమాన్‌కట్ట
స్టార్ట్ అయ్యే బండితో నాకు పేచీ లేదు. కానీ బహుమతికి తోలుకొచ్చిన బండ్లు వేరు, తెచ్చిన బండ్లు వేరు.

దారిపటం
ఇప్పటిదాకా నాకు అర్థమైనవి రాస్తున్నాను. మైదానంలో ముందు వరస, వెనక వరస ఉండవు. వచ్చిన వరసలోనే నిలుపుదాం. కాన్వాయ్ కావాలన్నవాళ్లు చివరి రెండు రోజుల దారి కలిసి రావచ్చు, నాలుగేసి బండ్ల గుంపులుగా. యూరప్‌లో లారీ డ్రైవర్లు నాలుగున్నర గంటలు తోలాక 45 నిమిషాలు ఆగాలన్న నియమం ఉంది. మనమూ అదే పెట్టుకుందాం. బహుమతుల విషయం వేరే చర్చలో తేలుద్దాం.

స్టెప్నీ
గుంపు బయల్దేరే ముందు టైర్లు, ఎయిర్ లీకు ఎవరు చూస్తారు? ఆ పేరు రాయకుండా ప్లాన్ ఖాయం చేయకండి.

కమాన్‌కట్ట
చివరి రెండు రోజులకి కాన్వాయ్ అని పేరు పెట్టకండి. నేను మొదటి చివర నుంచే తోలుకొస్తాను, తోడు వచ్చేవాళ్లు చెప్పండి. బహుమతుల సంగతి వాయిదా వేయడం నాకు సమ్మతం కాదు.

రాత్రిహైవే
"వచ్చిన వరసలో" అన్న మాట పోస్టరు మీద వేయండి. గేటు దగ్గర నిలబడేవాళ్లకి నోటిమాటగా చెప్తే మళ్లీ అదే జరుగుతుంది. అది వేశాకే నేను లోడు మాట్లాడుకుంటాను.