తాతగారి కాగితాలు యూనివర్సిటీకి ఇవ్వాలా, ఇంట్లోనే ఉంచుకోవాలా?

పెరంబూరు మనవడు:
అందరికీ నమస్కారం. మా తాతగారు మద్రాసులో తెలుగు మాస్టారుగా చేశారు. ఆయన పోయాక బీరువాల నిండా కాగితాలు మిగిలాయి. పాత ‘భారతి’ సాహిత్య పత్రికలు, ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు, సాటి పండితుల ఉత్తరాలు, ఆయన డైరీలు, ఊరి నుంచి తెచ్చుకున్న తాళపత్రాల కట్టలు. ఇల్లు బిల్డర్‌కి ఇస్తున్నాం, త్వరలో ఖాళీ చేయాలి. అన్నీ ఒక యూనివర్సిటీ లైబ్రరీకి ఇద్దామని నేను అంటున్నాను. స్కాన్ చేయించి అసలువి మన దగ్గరే ఉంచుకుందామని అమ్మ అంటోంది. అమెరికాలో ఉన్న అన్నయ్యేమో అక్కడి యూనివర్సిటీకి పంపిస్తే ఏసీ గదిలో భద్రంగా ఉంటాయంటున్నాడు. మీరైతే ఏం చేస్తారు?

వలసరవాక్కం వాసి:
ఇవ్వకండి. మా నాన్నగారి పుస్తకాలు ఒక కాలేజీకి ఇచ్చాం. శాలువా కప్పి, ఫొటో తీసుకుని పుచ్చుకున్నారు. కొన్నాళ్లకి వెళ్లి అడిగితే జాబితా లేదు. మెట్ల కింద గోనెసంచుల్లో చెదలు పట్టి కనిపించాయి. మీ అమ్మగారు చెప్పిందే రైటు. స్కాన్ చేసి నెట్‌లో పెడితే ఎవరైనా చదువుకుంటారు, కాగితం మీ కళ్లముందే ఉంటుంది.

తరమణి పరిశోధకురాలు:
వలసరవాక్కం గారూ, మీకు జరిగింది చాలా అన్యాయం. అయినా నేను ఇవ్వమనే చెబుతాను.

ముందు అన్నయ్యగారి సంగతి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతి 75 ఏళ్లు దాటితే దాన్ని సొంతంగా దేశం దాటించకూడదు. తాళపత్రాలను సూట్‌కేసులో పెట్టే ఆలోచన ఇక్కడితో మానుకోవాలి. అయినా విదేశీ యూనివర్సిటీ పూనుకున్నంత మాత్రాన సరుకు దేశం దాటాలని ఏముంది? కోట్టైయూరులో రోజా ముత్తయ్య చెట్టియార్ జీవితమంతా కూడబెట్టిన తమిళ పుస్తకాలు, పత్రికలు, నోటీసులు ఆయన 1992లో పోయాక చెదిరిపోయేవే. షికాగో విశ్వవిద్యాలయం వాటిని మొత్తంగా కొని, చెన్నైకి తెచ్చి ఇక్కడే ఉంచింది. 1994లో దాన్ని లైబ్రరీగా చేశారు. మైక్రోఫిల్ములు తీశారు. అసలు ప్రతులు ఇవాళ్టికీ చెన్నైలోనే, మా తరమణిలో ఉన్నాయి. మన తెలుగువాళ్లం ఈ ఊళ్లో ఇన్ని తరాలుగా ఉండి, ఇన్ని ప్రెస్సులు నడిపి, అలాంటిది ఒక్కటి నిలబెట్టుకోలేకపోయామని నాకు చాలా బాధ.

ఇక ఇంట్లో ఉంచడం. 2015 డిసెంబరు మరిచిపోయారా? అడయారు పొంగినప్పుడు కోట్టూర్‌పురం, సైదాపేటల్లో కింది అంతస్తులు మునిగాయి. అపార్ట్‌మెంట్‌లోకి మారాక ఈ బీరువాలు ఏ అటక మీదికో, కార్ పార్కింగ్ పక్కనున్న స్టోరు గదిలోకో వెళ్తాయి. అమ్మగారు ఉన్నంతకాలం చూసుకుంటారు. ఆ తర్వాత?

స్కాన్ చాలంటే ఒప్పుకోను. ‘భారతి’, ఆంధ్రపత్రికల సంచికలు చాలావరకు ప్రెస్ అకాడమీ వాళ్లు ఎప్పుడో నెట్‌లో పెట్టారు. మీ తాతగారి ప్రతికి విలువ వచ్చేది ఆయన అంచుల్లో రాసుకున్న మాటల వల్ల, మధ్యలో దాచిన ఉత్తరం వల్ల. ఏ ఉత్తరం ఏ సంచికలో ఉందో, ఏ డైరీ పక్కన ఏ కట్ట ఉందో, అదంతా సమాచారమే. స్కాన్ చేసే కుర్రాడు ముందు చేసే పని వాటిని విడదీయడం.

అన్నానగర్ అత్తయ్య:
బాబూ, ఇవ్వడం మంచిదే. కానీ చెన్నైలో ఎందుకయ్యా? తమిళం తప్పనిసరి చేసిన 2006 చట్టం వచ్చాక ఇక్కడి బళ్లలో తెలుగు చదివే పిల్లలు ఎక్కడున్నారు? రేపు ఆ డైరీలు తెరిచి చదవగలిగేదెవరు? తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది, తాళపత్రాలు చూడడం వాళ్లకి కొత్త కాదు. కడపలో బ్రౌన్ బంగళా ఉన్న చోటే బ్రౌన్ పేరిట భాషా పరిశోధన కేంద్రం ఉంది, యోగి వేమన విశ్వవిద్యాలయం కిందికి వస్తుంది. వాళ్లు కడప జిల్లా కైఫియత్తుల్ని, అంటే ఊళ్ల చరిత్ర రాసిన పాత రికార్డుల్ని, అచ్చు వేశారు కూడా. కావాలంటే ఉత్తరాలు ఇక్కడ ఉంచు, తాళపత్రాలు అక్కడికి పంపు.

తరమణి పరిశోధకురాలు:
అత్తయ్యగారూ, తిరుపతి అన్నా కడప అన్నా నాకు అభ్యంతరం లేదు. చదివేవాళ్లు ఉన్న చోటికి వెళ్లాలన్న మాట సబబే. విడదీయడం మాత్రం వద్దండీ. దక్షిణాది అంతా తిరిగి రాతప్రతులు, ఊళ్ల చరిత్రలు సేకరించిన కల్నల్ కాలిన్ మెకంజీ 1821లో పోయాక ఆయన సేకరణను ఈస్టిండియా కంపెనీ కొన్నది. ఇంగ్లీషు కాగితాలు, బొమ్మలు, పటాలు లండన్ చేరాయి, దక్షిణాది భాషల రాతప్రతులు మద్రాసుకు వచ్చాయి. ఆయనకు ఇంత సమాచారం సేకరించిపెట్టిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల కృషి రెండు ఖండాల్లో ముక్కలైంది. బ్రౌన్ 1830లలో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు కంపెనీ లైబ్రరీలో ఎవరూ ముట్టకుండా పడి ఉన్న దక్షిణాది రాతప్రతులు చూసి, వాటిని మద్రాసుకు పంపించేలా చేశాడు. చదవగలిగినవాళ్లు లేని చోట ఎంత మంచి గది ఉన్నా లాభం లేదని ఆయనకు తెలుసు. కాబట్టి అన్నీ కలిసి ఒకేచోటికి వెళ్లాలి.

పెరంబూరు తమ్ముడూ, బీరువా తెరిచి ఏదీ సర్దకు. ఉన్నది ఉన్నట్టు అరఅరకీ ఫొటోలు తీయి. చిరిగినవాటికి సెల్లోటేప్ వేయకు, లామినేషన్ అసలే వద్దు. తాళపత్రాల దారం గట్టిగా లాగకు. ఇంట్లో మీరే ఒక జాబితా రాసి, దాని కాపీ మీద లైబ్రరీ వాళ్ల సంతకం, ముద్ర తీసుకోండి. వలసరవాక్కం గారి చేతిలో ఆ కాగితం ఉండి ఉంటే గోనెసంచుల దగ్గర నిలదీసేవారు.

వలసరవాక్కం వాసి:
కాగితం ఉంటే చెదలు ఆగుతాయా అమ్మా? సంతకం పెట్టినాయన రిటైరవుతాడు, కొత్తగా వచ్చినాయన నాకు తెలియదంటాడు. ఇక్కడ మాత్రం నా మనసు మారదు.

తరమణి పరిశోధకురాలు:
అందుకే ఒప్పందంలో ఒక షరతు రాయించమంటాను. ఫలానా గడువులోగా జాబితా తయారుచేసి పాఠకులకు అందుబాటులో పెట్టకపోతే మొత్తం సేకరణను ఇంకో లైబ్రరీకి మార్చే హక్కు కుటుంబానికి ఉండాలి. దానికి ఒప్పుకోని చోట ఇవ్వొద్దు.

పెరంబూరు మనవడు:
అమ్మకి ఇదంతా చదివి వినిపించాను. డైరీల్లో బంధువుల గొడవలు ఉన్నాయి, అవి ఊరందరూ చదవాలా అని అడుగుతోంది. తాతగారికి వచ్చిన ఉత్తరాలు నెట్‌లో పెట్టే హక్కు అసలు మనకుందా?

తరమణి పరిశోధకురాలు:
ఉత్తరం కాగితం మీది, అందులోని రాతపై హక్కు రాసినవారిది. చదువుకోవడానికి లైబ్రరీలో ఉంచడం వేరు, నెట్‌లో పెట్టడం వేరు. రెండోదానికి వాళ్ల వారసుల్ని అడగాలి. ఇందాక స్కాన్ చేసి పెట్టేయమన్నవారు కూడా ఇది గమనించాలి. డైరీల మాటకొస్తే, కొన్నేళ్లపాటు ఎవరికీ ఇవ్వకూడదని ఇచ్చేటప్పుడే రాయించుకోవచ్చు. ఎన్నేళ్లన్నది అమ్మగారే చెప్పాలి. ఆవిడ చెప్పిన ఏడాదే ఒప్పందంలో వేయించండి.