చదునైన గీతలను వంపు కప్పు మీదకు ఎలా మార్చారు?
రోములోని సాంత్ ఇగ్నాజియో చర్చిలో, కట్టకుండా మిగిలిపోయిన గుమ్మటానికి బదులుగా, చిత్రకారుడు ఆంద్రియా పొజ్జో 1685లో కాన్వాసు మీద గుమ్మటాన్నే చిత్రించి అమర్చారు. 1694 నాటికి మధ్యశాల పైకప్పును ఆకాశంలోకి లేచే స్తంభాలతో నింపారు. నేలమీది గుండ్రటి గుర్తుపై నిలబడితే కట్టడం ఎక్కడ ముగిసి చిత్రం ఎక్కడ మొదలైందో తెలియదు. కాస్త దూరం జరిగితే ఆ స్తంభాలే ఒరిగిపోతున్నట్టు కనిపిస్తాయి (బరోక్ అనే ఆనాటి ఐరోపా ఆడంబర కళాశైలిలో నన్ను ఆకట్టుకునేది ఈ తెగింపే).

కప్పు కింద దారాలతో గడుల వల కట్టి, ఆ గడులను చూపు బిందువు (చూసేవారి కన్ను ఉండే చోటు) నుంచి వంపుపైకి ప్రసరింపజేసే పద్ధతిని పొజ్జో వివరించారు. అట్టతో చేసిన సగం గొట్టం వంటి చిన్న నమూనాపై దీనిని ప్రయత్నించాలనుకుంటున్నాను. దారాన్ని సాగదీసి గుర్తులు పెట్టడం మేలా, దీపపు నీడను వాడటం మేలా? అంచుల దగ్గర గడులు ఎంత సాగుతాయో ముందుగా లెక్కించే మార్గం ఉందా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.