మెహబూబ్ కీ మెహందీ పేరు మార్చాలా, వద్దా?

మూసీగట్టు: హైదరాబాద్ల హైకోర్టు దగ్గరి మెహబూబ్ కీ మెహందీ అంటే రెడ్ లైట్ ఏరియా, అంతే అని నిన్న ఒకాయన తేల్చేసిండు. గట్ల కాదు భాయ్. అక్కడ ఉండెటోళ్ళు తవాయిఫ్‌లు, తవాయిఫ్ అంటే ముందు పాట, ఆట, షాయరీ. పేరున్న తవాయిఫ్, షాయర్ మహ్ లఖా బాయి చందా అక్కడి మనిషే, నిజాం దర్బార్ల ఆమెకు జాగీర్లు, ఉర్దూల దీవాన్, అంటే కవితల పుస్తకం కూడా ఉంది.

లెక్కలమాస్టారు: ఆగండాగండి. చందా పోయింది 1824లో. ఆ పేట ఎవరి పేరు మీద అంటారో ఆ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పుట్టిందే 1866లో. అక్కడి మనిషెలా అవుతుందండీ?

మూసీగట్టు: సరే, అక్కడ కాదు. మౌలాలి గుట్ట కింద సమాధి ఉంది, 1792ల తల్లి కోసం ఆమెనే కట్టించింది, తర్వాత ఆమెను కూడా అక్కడ్నే పెట్టిన్రు. నేను చెప్పేది వేరే.

లెక్కలమాస్టారు: తేదీలే తప్పయితే ఇంక చెప్పేదేముంది?

జాంపండు: మాస్టారికి సున్నా మార్కులు వేసేవాళ్ళే లేరా 😂

గల్లీపోరడు: మీకు సమాధులు, షాయరీలు. నేను ఆ గల్లీ పక్కనే పుట్టిన. అడ్రస్ చెప్తే ఆటోవాడు అద్దంల చూసి నవ్వేటోడు. మా అక్కను చూడనీకి వచ్చినోళ్ళు ఛాయ్ తాగుకుంట 'ఇది ఆ గల్లీయేనా' అని అడిగి లేచిపోయిన్రు, ప్లేట్ల సగం కొరికిన లడ్డు అట్లనే ఉండె. పేరు తీసెయ్యాలె.

గోదారమ్మాయి: మా అమ్మమ్మది పెద్దాపురం, కలావంతులు, అంటే ఆటపాటలతో బతికిన దేవదాసీల కులం. 1947లో దేవదాసీ పద్ధతిని ఆపుతూ మద్రాసు చట్టం వచ్చింది, మావాళ్ళు సూర్యబలిజ అని కులం పేరే మార్చుకున్నారు. చూపు మారిందా? ఆవిడ గజ్జెలు బియ్యం డబ్బా అడుగున దాచుకుంది, నాకు దొరికేసరికి తోలు ఎండి విరిగిపోతోంది.

గల్లీపోరడు: మా అక్క ఇజ్జత్ గురించి మాట్లాడుతుంటే మీ అమ్మమ్మతోని పోలుస్తరేంది?

గోదారమ్మాయి: ఇదిగో, ఇప్పుడొచ్చింది అసలు మాట. మీ బాధ గల్లీ పేరు కాదు, మా పక్కన నిలబడాల్సి రావడం. మీ అక్కని వద్దన్నవాళ్ళ మీద కోపం రాలేదు గానీ, ఆ గల్లీలో పాడి బతికినవాళ్ళ మీద వచ్చింది!

గల్లీపోరడు: ...ఆ మాట తప్పే అక్కా, వాపస్ తీస్కుంటున్న. పేరు సంగతి మాత్రం తీస్కోను.

లెక్కలమాస్టారు: అది సరే గానీ, సమాధి 1792 అన్నారు, అంటే చందా పోవడానికి 32 ఏళ్ళ ముందే కదా?